సిరాతో మెయ్ పువ్వు: చైనా పద్ధతిలో కొమ్మ నుంచి ముద్ర దాకా

చైనా సిరా చిత్రాల్లో పువ్వులు నేర్చుకోవాలని కూర్చున్నవాళ్లు చాలామంది నేరుగా రేకుల దగ్గర మొదలుపెడతారు. రేకులు బాగానే వస్తాయి, బొమ్మ మాత్రం నిలబడదు. ఈ పద్ధతిలో ముందు వచ్చేది కొమ్మ, ఆ తర్వాత కొమ్మలో పువ్వు కోసం వదిలిన ఖాళీ. పువ్వు వంతు ఆ రెండిటి తర్వాతే. ఈ వరస పట్టుబడాలంటే ఒక్క పువ్వును తీసుకుని మొదటినుంచి చివరిదాకా వేసి చూడాలి. అందుకు మెయ్ పువ్వును (ఇంగ్లీషులో 'ప్లమ్ బ్లాసమ్' అంటారు) ఎంచుకున్నాను. రంగులు వద్దు, పెన్సిల్ వద్దు, రబ్బరు వద్దు. నల్ల సిరా, నీళ్లు, కాగితం చాలు.

మెయ్ చెట్టు చలికాలం చివర్లో, ఆకు వేయకముందే, బోడి కొమ్మల మీద పూస్తుంది. పువ్వుకు ఐదు రేకులు. కాడ ఉందా లేదా అన్నంత పొట్టి, అందుకే పువ్వు కొమ్మకే అంటుకున్నట్టు కనిపిస్తుంది. హైదరాబాదులో ఖుబానీ కా మీఠాకి వాడే ఆప్రికాట్‌కి ఇది దగ్గరి చుట్టం. మన ఊళ్లలో ఈ చెట్టు చూసే వీలు లేదు కాబట్టి, మొదలుపెట్టేముందు పువ్వు ఫోటోలు నాలుగైదు కోణాల్లోవి దగ్గర పెట్టుకోండి. ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి, మొగ్గగా ఎలా ఉందో చూడండి. వెనకనుంచి చూసినప్పుడు రేకుల కింద పుష్పకోశం ఎలా పట్టుకుని ఉందో ప్రత్యేకంగా గమనించండి. చివర్లో బాగా పనికొస్తుంది.

మెయ్, ఆర్కిడ్, వెదురు, చామంతి నాలుగింటినీ చైనా చిత్రకారులు 'నలుగురు సజ్జనులు' అంటారు. చాలామంది గురువులు వెదురుతోనో ఆర్కిడ్‌తోనో పాఠం మొదలుపెడతారు. నేను మెయ్‌తోనే మొదలుపెట్టమంటాను. మాను దగ్గర పొడి కుంచె, కొమ్మ దగ్గర వేగమైన గీత, రేకు దగ్గర పలచటి సిరా, కేసరాల దగ్గర చిక్కటి చుక్క. చేయి నేర్చుకోవాల్సిన నాలుగు పనులూ ఒకే బొమ్మలో ఉన్నాయి.

సిరాతో మెయ్ వేసే అలవాటుకు ఆద్యుడిగా ఉత్తర సాంగ్ రాజవంశ కాలపు (960–1127) బౌద్ధ సన్యాసి జోంగ్‌రెన్‌ని చెబుతారు. వెన్నెల్లో కాగితపు కిటికీ మీద పడ్డ కొమ్మ నీడను చూసి ఆయన ఈ పద్ధతి పట్టుకున్నాడని కథ. కథ సంగతి ఎలా ఉన్నా నీడ అన్న ఆలోచన సరైంది: నీడకు రంగు ఉండదు, ఆకారమూ ముదురు లేత తేడాలూ మాత్రమే ఉంటాయి. తర్వాత చిత్రకారుడు యాంగ్ వూజియు రేకును సన్నని గీతతో చుట్టి, లోపల కాగితాన్ని తెల్లగా వదిలే పద్ధతికి రూపమిచ్చాడు. 1165లో ఆయన వేసిన చుట్టచిత్రం బీజింగ్ రాజప్రాసాద మ్యూజియంలో ఉంది. అందులో నాలుగు దశలున్నాయి: విచ్చబోతున్న మొగ్గలు, విచ్చుతున్నవి, పూర్తిగా పూసినవి, రాలుతున్నవి. ఆయన వేసినవి 'పల్లెటూరి మెయ్' అని చక్రవర్తి హుయ్‌జోంగ్ చప్పరించేశాడని కూడా చెప్పుకుంటారు. యువాన్ రాజవంశ కాలంలో వాంగ్ మియన్ (1287–1359) అనే చిత్రకారుడు పలచటి సిరాతో గుబురుగా పూలు వేశాడు. ఆయన మెయ్ చిత్రం మీద ఆయనదే చిన్న కవిత ఉంది: రంగు బాగుందని ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు, స్వచ్ఛమైన పరిమళం లోకమంతా నిండితే చాలని దాని భావం. ఇంటర్నెట్‌లో ఈ రెండు చిత్రాల ఫోటోలు దొరుకుతాయి. పెద్దవి చేసుకుని, గీత ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది అని వెతుకుతూ చూడండి.

సామాను

డబ్బు పెట్టాల్సింది ముందు కాగితం మీద. సిరా చిత్రాలకు వాడేది ష్వెన్ కాగితం. ఆన్‌హుయ్ ప్రాంతంలోని జింగ్ కౌంటీ దీనికి పేరున్న చోటు. చింగ్‌తాన్ అనే చెట్టు బెరడు, వరిగడ్డి కలిపి చేస్తారు. ఈ చేతిపనిని యునెస్కో 2009లో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఇందులో పచ్చి కాగితం, పదును పెట్టిన కాగితం అని రెండు రకాలు. పదును పెట్టినదానికి పటిక, జిగురు పూస్తారు కాబట్టి సిరా పాకదు. సన్నటి గీతలతో, పొరలు పొరలుగా రంగులద్దే పనికి అది. మనకు కావాల్సింది పచ్చిది. మూల మీద ఒక నీటి చుక్క వేసి చూడండి: వెంటనే పీల్చుకుని పాకితే పచ్చిది, ముత్యంలా నిలిస్తే పదునుది. పచ్చి కాగితానికి ఒక వైపు నునుపుగా, ఇంకో వైపు కాస్త గరుగ్గా ఉంటుంది. నునుపు వైపు వేయాలి. పెద్ద షీటు 69 × 138 సెంటీమీటర్లు ఉంటుంది. దాన్ని నాలుగు ముక్కలుగా, 34 × 69 కొలతకు కోసుకుంటే ఒక కొమ్మకు సరిపోతుంది.

స్కూల్లో వాడే డ్రాయింగ్ షీటు పనికిరాదు, సిరా దాని మీదే తేలుతుంది. చేయి తిరగడానికి మాత్రం పాత న్యూస్‌పేపర్ చాలు. కొమ్మ గీతలు దాని మీదే రోజూ వేయవచ్చు.

కుంచెలు రెండు. ఒకటి గట్టిది, కొమ్మకు. 'తోడేలు వెంట్రుక' అని అమ్మే కుంచెలు నిజానికి వీజిల్ అనే జంతువు తోక వెంట్రుకతో చేస్తారు, నొక్కి వదిలితే స్ప్రింగులా వెనక్కి లేస్తాయి. రెండోది మెత్తటి మేక వెంట్రుకలది. నీళ్లు ఎక్కువ పడతాయి, అద్దకపు పువ్వులకు అది. రెండింటికీ మొన సూదిగా ఉండాలి. కొనేటప్పుడు తడిపి చూడనిస్తే మొన రెండుగా చీలుతోందా లేదా చూసుకోండి. కొత్త కుంచెకు గంజి పెట్టి గట్టిగా చేసి ఉంటారు. గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నానబెట్టి, వేళ్లతో మెల్లగా విడదీయాలి.

ఇవి కాక తెల్లటి పింగాణీ ప్లేటు ఒకటి, నీళ్ల గిన్నెలు రెండు (ఒకటి కడగడానికి, ఒకటి శుభ్రమైన నీళ్లకు), పాత కాటన్ గుడ్డ, కాగితం కింద పరవడానికి ఫెల్ట్ లేదా మడత పెట్టిన కంబళి. కింద మెత్తటిది లేకపోతే సిరా బల్లకు అంటుకుని, గీత చుట్టూ మరకలు పాకుతాయి. అంచులు కదలకుండా ఏదైనా బరువు పెట్టుకోండి.

సిరా నూరడం

సిరా కడ్డీ అంటే మసి, జంతువుల జిగురు కలిపి ఎండబెట్టిన దిమ్మ. సిరా నూరే రాతి మీద చెంచాడు నీళ్లు పోసి, కడ్డీని నిటారుగా పట్టుకుని, గంధం తీసినట్టు గుండ్రంగా, తొందర లేకుండా నూరాలి. గట్టిగా నొక్కితే సిరా గరుగ్గా వస్తుంది. కాసేపటికి రాతి మీద కడ్డీ తిరిగిన దారి వెంటనే మూసుకోకుండా నిలుస్తుంది. అప్పుడు సిరా తయారైనట్టు. న్యూస్‌పేపర్ మీద ఒక గీత గీసి చూసుకోండి. కడ్డీని రాతి మీదే వదిలేయకండి, జిగురు ఆరి అతుక్కుపోతుంది. తుడిచి పక్కన పెట్టండి. రాయి కూడా ఏ రోజుకారోజు కడగాలి, నిన్నటి సిరా ఉండలు కడుతుంది, వాసన వస్తుంది.

తీరిక లేనివాళ్లు సీసా సిరా వాడుకోవచ్చు, తప్పేం లేదు. బీజింగ్‌లో 1865లో మొదలైన యీదగ లాంటి బ్రాండ్లు ఇలాంటివి చేస్తాయి. కానీ ఫౌంటెన్ పెన్ సిరా వాడకండి, నీళ్లు తగిలితే కరిగిపోతుంది. ఇండియా ఇంక్ పేరుతో దొరికేవాటిలో లక్క కలిసి ఉంటే కుంచె వెంట్రుకలు గట్టిపడి పాడవుతాయి.

ఫ్యాన్ సంగతి. మన ఎండాకాలంలో ఫ్యాన్ కింద కూర్చుంటే ప్లేటులోని సిరా నిమిషాల్లో చిక్కబడి, లేత రంగు ముదురవుతుంది. కాగితం ఎగురుతుంది. వీలైతే బొమ్మ వేస్తున్నంతసేపూ ఆపేయండి. వానాకాలంలో తలకిందులు: కాగితంలోనే తేమ ఉంటుంది కాబట్టి సిరా ఇంకా ఎక్కువ పాకుతుంది, కుంచెలో నీళ్లు తగ్గించాలి.

ప్లేటులో మూడు చోట్ల సిరా సిద్ధం చేసుకోండి: నూరినది నూరినట్టే ఒక చోట, కొన్ని చుక్కల నీళ్లు కలిపి మధ్యరకం ఒక చోట, నీళ్లలో చిటికెడు సిరా ఉన్నట్టు లేతది ఒక చోట. చైనా వాళ్లు సిరాలో ఐదు రంగులున్నాయంటారు. ఆ ఐదూ చూడాలనుకుంటే ఈ మూడింటికీ మధ్య మెట్లు కలుపుకోండి. మొదటి రోజుకి మూడే ఎక్కువ.

కుంచె పట్టు

బొటనవేలు ఒక వైపు, చూపుడువేలు, నడిమివేలు ఇంకో వైపు, ఉంగరపు వేలు లోపల్నుంచి ఆసరా. అరచేతిలో ఖాళీ ఉండాలి. పెన్నులా వంచి పట్టకండి. మణికట్టు బల్లకు ఆనితే చిన్న గీతలే వస్తాయి. కొమ్మకు భుజం నుంచి కదలాలి, కాబట్టి నిలబడి వేయడం మేలు.

రెండు రకాల గీతలు ముందు న్యూస్‌పేపర్ మీద చేయండి. మొన గీత మధ్యలోనుంచి నడిచేలా కుంచెను నిటారుగా పట్టి గీస్తే, రెండంచులూ సమంగా, గట్టిగా వస్తాయి. ఇది కొమ్మ గీత. కుంచెను పక్కకు వాల్చి దాని పొట్టతో లాగితే ఒక అంచు నునుపుగా, ఇంకో అంచు చిందరగా వస్తుంది. ఇది మాను గీత. కుంచెలో నీళ్లు తక్కువగా ఉండి, కాస్త వేగంగా లాగితే గీత మధ్యలో తెల్లటి చారలు పడతాయి. ఈ 'ఎగిరే తెలుపు' మానుకు ప్రాణం. ముదురు బెరడు దానంతటదే కనిపిస్తుంది.

ఈ పనిలో మీరు నిజంగా కట్టడి చేసేది నీళ్లను. గీత పాకిపోతే కుంచెలో నీళ్లు ఎక్కువ, తెగిపోతే తక్కువ. సిరాలో ముంచిన ప్రతిసారీ ప్లేటు అంచుకు ఒకసారి రాసి, ఎక్కువైతే గుడ్డకు తాకించి, అప్పుడు కాగితం మీదికి వెళ్లండి. ఈ అలవాటు చేతికి వచ్చాకే ష్వెన్ కాగితం తీయండి.

మాను, కొమ్మ

గట్టి కుంచెను మధ్యరకం సిరాలో పూర్తిగా ముంచి, గుడ్డకు అద్ది పొడి చేసి, మొనను మాత్రం చిక్కటి సిరాలో తాకించండి. ఇప్పుడు ఒకే గీతలో ముదురు, లేత రెండూ ఉంటాయి.

కాగితం మధ్యలోంచి మొదలుపెట్టకండి. ఏదో ఒక అంచు నుంచి, కింది మూల అయితే ఇంకా మంచిది, మాను కాగితంలోకి రావాలి. కుంచెను పక్కకు వాల్చి, నొక్కి, నెట్టుతూ వెళ్లండి. ఒక జానెడు వెళ్లాక ఆగి, దిక్కు మార్చండి. మెయ్ మాను వంకరలు గుండ్రంగా ఉండవు, మోచేతిలా విరుగుతాయి. ఆగిన చోట సిరా కాస్త చేరి కణుపులా కనిపిస్తుంది, దాన్ని సరిచేయాలని చూడకండి. మాను మొత్తం ఒకేసారి నింపవద్దు. మధ్యమధ్య అంగుళం, రెండంగుళాల ఖాళీలు వదిలేయండి. అక్కడ పూలు వస్తాయి.

ఇది నేను ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. పువ్వు తెల్లగా ఉండాలంటే కాగితమే తెల్లగా మిగలాలి. మాను వేసేశాక దాని మీద తెల్ల పెయింటుతో పువ్వు పెట్టడం ఈ పద్ధతి కాదు. అందుకని గీత లాగుతున్నప్పుడే 'ఇక్కడ మూడు పూలు, అక్కడ ఒక మొగ్గ' అని కంటితో చోటు పట్టి ఉంచుకుని, కుంచెను ఎత్తి, ఖాళీ దాటి, మళ్లీ దింపాలి. గీత తెగినా దాని దారి తెగకూడదు. చూసేవాడి కన్ను ఆ ఖాళీని కలిపేసుకోవాలి.

మాను నుంచి కొమ్మలు. ఇప్పుడు కుంచె నిటారుగా, మొన మధ్యలో. ముసలి కొమ్మలు వంగి విరుగుతాయి, ఆ ఏడాది లేత రెమ్మలు మాత్రం బాణాల్లా సూటిగా పైకి లేస్తాయి. లేత రెమ్మకు గీత ఒక్క ఊపున మొదలు నుంచి కొసకు వెళ్లాలి. చేయి నెమ్మదిస్తే వణుకు కనిపిస్తుంది. కొమ్మలు ఒకదాన్నొకటి దాటేచోట 'స్త్రీ' అని అర్థమిచ్చే చైనా అక్షరం ఆకారం గుర్తుంచుకోమని పాత పాఠం: 女. రెండు వంపు గీతలు అడ్డంగా దాటి, మధ్యలో మూసిన చిన్న ఖాళీ ఏర్పడుతుంది. ఒక బొమ్మలో అలాంటి దాటుడు ఒకటి రెండు చాలు. ప్లస్ గుర్తులా అడ్డం నిలువు దాటించకండి, కొమ్మలన్నీ సమాన దూరంలో చేప ముల్లులా పెట్టకండి. ఒక పక్క గుంపు, ఇంకో పక్క దాదాపు ఖాళీ ఉంటే కంటికి బాగుంటుంది.

దూరపు కొమ్మలకు లేత సిరా, దగ్గరి వాటికి ముదురు. ఇక్కడ ఆగి, కాగితాన్ని గోడకు ఆనించి దూరం నుంచి చూడండి. పూలు లేకుండానే బొమ్మ నిలబడిందా? లేకపోతే పూలు పెట్టినా నిలబడదు, ఇంకో ముక్క తీసుకోండి.

పువ్వులు: గీతతో

యాంగ్ వూజియు దారి ఇది. మొన సన్నగా ఉన్న కుంచెలో లేతకూ మధ్యరకానికీ నడుమ ఉండే సిరా తీసుకోండి. ఒక్కో రేకుకు రెండు గీతలు: ఎడమ సగం ఒకటి, కుడి సగం ఒకటి, పైన కలిసేచోట కాస్త తెరుచుకున్నా ఫరవాలేదు. గీత మొదట్లో తేలిగ్గా దించి, వంపు దగ్గర నొక్కి, చివర్లో ఎత్తేయండి. ఆ నొక్కులోనే రేకు మందం తెలుస్తుంది. ఒకే మందంతో సున్నాలు చుట్టినట్టు వేస్తే ఇనప తీగలా కనిపిస్తుంది.

ఐదు రేకులూ ఎప్పుడూ కనిపించవు. ఎదురుగా చూసే పువ్వులో ఐదూ కనిపిస్తాయి. పక్కకు తిరిగిన పువ్వులో మూడు ముందుకి, మిగతావి వెనక నుంచి తొంగిచూస్తూ. వెనక్కి తిరిగిన పువ్వులో కేసరాలు కనిపించవు, పుష్పకోశమే కనిపిస్తుంది. మొగ్గ ఒకటి రెండు గీతల గుండ్రం. మొదటిసారి వేసేవాళ్లు అన్నీ ఎదురుగా చూసేవే వేస్తారు, బొమ్మ గోడకాగితంలా తయారవుతుంది. పక్క పూలు ఎక్కువ, ఎదురుగా చూసేవి తక్కువ పెట్టండి.

పువ్వులు: అద్దకంతో

గీత లేకుండా నేరుగా సిరా చుక్కలతో వేసే దారి ఇంకోటి. మేక వెంట్రుకల కుంచెను లేత సిరాలో నింపి, మొనకు మాత్రం కాస్త మధ్యరకం సిరా తాకించి, ఒక్కో రేకుకు ఒక్క అద్దు. మొన రేకు అంచు వైపు ఉండాలి, కుంచె పొట్ట పువ్వు మధ్య వైపు. ఐదు అద్దుల మధ్య వెంట్రుకవాసి తెల్లటి సందు మిగిలితే రేకులు కలిసిపోవు. పచ్చి కాగితం మీద చుక్క కొంచెం పాకుతుంది, కాబట్టి అనుకున్న పరిమాణం కన్నా చిన్నగా అద్దండి.

చాలామంది ఇక్కడ గులాబీ రంగుకి చేయి చాచుతారు. రంగు మెయ్ చిత్రాలూ ఎంతో బాగుంటాయి, కాదనను. కానీ సిరాలో లేత, ముదురు తేడా చేతికి రాకముందు రంగు తీసుకుంటే ఆ తేడా ఇక ఎప్పటికీ రాదు. కనీసం ఒక కట్ట కాగితం అయ్యేదాకా నలుపుతోనే ఉండమని నా గట్టి సలహా.

కేసరాలు, పుష్పకోశం

బొమ్మంతటికీ చురుకు వచ్చేది ఇక్కడే. చిక్కటి సిరా, దాదాపు పొడిగా ఉన్న సన్నటి కుంచె. పువ్వు మధ్యనుంచి బయటికి సన్నటి గీతలు, నడిమిది కొంచెం పొడవు, పక్కవి పొట్టి. ఎదురుగా చూసే పువ్వుకు చుట్టూ, పక్క పువ్వుకు ఒక వైపే. తర్వాత వాటి కొసల మీద చిన్న చుక్కలు. చుక్క గీతకు అంటుకోకపోయినా పర్వాలేదు, అన్నీ ఒకే ఎత్తులో మాత్రం ఉండకూడదు.

అద్దకపు పువ్వు అయితే రేకులు సగం పైగా ఆరేదాకా ఆగాలి. తడి మీద వేస్తే కేసరం సాలీడు కాళ్లలా పాకుతుంది. పుష్పకోశం చుక్కలను మాత్రం రేకు కొంచెం తడిగా ఉండగానే పెట్టవచ్చు, అంచు కాస్త కలిసి మెత్తగా వస్తుంది. పక్క పువ్వుకు, మొగ్గకు రెండు మూడు చిక్కటి చుక్కలు, వెనక్కి తిరిగిన పువ్వుకు కాడతో కలిపి పూర్తిగా. మొగ్గలు గాల్లో తేలకుండా కొమ్మకు కలిపేది ఈ చుక్కలే. ఫోటోలో వెనకవైపు చూసిపెట్టుకోమన్నది ఇందుకే.

పూల గుంపులు మాను దగ్గర, కొమ్మ విరిగేచోట పెట్టి, కొసల వైపు మొగ్గలు వదలండి. రెమ్మ చిట్టచివర పెద్ద పువ్వు పెట్టకండి. చివరగా మాను మీద నాచు చుక్కలు: కుంచెను నిటారుగా పట్టి, చిక్కటి సిరాతో గుంపులుగా కొన్ని. తప్పును దాచడానికి వీటిని వాడే ప్రలోభం వస్తుంది. దాచలేవు, ఇంకా చూపిస్తాయి. ఒకసారి వేసిన గీత మీద మళ్లీ గీయడం కూడా అంతే. పచ్చి కాగితం రెండో గీతను క్షమించదు.

పేరు, ముద్ర

ఎక్కువ ఖాళీ ఉన్న వైపు, కొమ్మ నడక ఆగినచోట పేరు రాయండి. చైనా వాళ్లు పైనుంచి కిందికి రాస్తారు. మీరు తెలుగులోనే, అదే కుంచెతో, చిన్నగా రాయవచ్చు, గుండ్రటి మన అక్షరాలు మెయ్ రేకుల పక్కన బాగా ఇముడుతాయి. దాని కింద మీ పేరు చెక్కిన ఎర్రటి ముద్ర. నలుపు బొమ్మ మొత్తంలో ఎరుపు అదొక్కటే కాబట్టి చిన్నదైనా బరువుంటుంది. రెండు ముద్రలు పక్కపక్కన కొట్టకండి.

ఆరాక కాగితం ముడతలు పడుతుంది. అది చూసి కంగారు అక్కర్లేదు. రెండు మూడు రోజులు సిరా బాగా గట్టిపడనిచ్చి, బొమ్మను బోర్లా పరిచి, వెనక నీళ్లు చిలకరించి, పలచటి గోధుమ గంజి జిగురును వెడల్పు కుంచెతో మధ్యనుంచి అంచులకు రాసి, ఇంకో కాగితం అతికిస్తారు. దాని అంచులకు మాత్రమే జిగురు పూసి పలకకు అంటించి ఆరనిస్తే కాగితం సాగి నునుపవుతుంది. ముందు పనికిరాని బొమ్మల మీద చేయి చేసుకోండి.

కుంచెలను సబ్బు లేకుండా, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, మొన కిందికి ఉండేలా వేలాడదీయండి. పైకి నిలబెడితే నీళ్లు కర్రలోకి దిగి జిగురు వదులై వెంట్రుకలు ఊడతాయి.

మెయ్ తర్వాత

ఆర్కిడ్ వేయండి. మొదటి ఆకు పొడవైన వంపు, రెండోది దాన్ని దాటుతూ, రెండింటి మధ్య కంటి ఆకారంలో సందు మిగలాలి. దాన్ని 'ఫీనిక్స్ కన్ను' అంటారు. మూడో ఆకు ఆ కన్నును చీల్చుకుంటూ వెళ్లాలి. మెయ్ రెమ్మ గీతలు వచ్చినవాళ్లకి ఇది త్వరగా పట్టుబడుతుంది.

ఆ తర్వాత తామర. ఇందులో మనవాళ్లకి ఒక సౌలభ్యం ఉంది, ఊరి చెరువులోనే చూడవచ్చు. తామర పువ్వు ఉదయం విచ్చి ఎండ ఎక్కేకొద్దీ ముడుచుకుంటుంది కాబట్టి పొద్దున్నే వెళ్లండి. ఆకు మీద ఎక్కువసేపు గడపండి. చైనా చిత్రకారుడు బాదా షాన్‌రెన్ (1626–1705) తామర చిత్రాల్లో పువ్వు కన్నా కాడలు, విశాలమైన సిరా ఆకులే బొమ్మను మోస్తాయి. పెద్ద కుంచెను లేత సిరాలో నానబెట్టి, మొనకు చిక్కటి సిరా పట్టించి, ఆకును మూడు నాలుగు వెడల్పు గీతల్లో ముగించండి. అది తడిగా ఉండగానే ఈనెలు లాగండి. కాడను మాత్రం కింది నుంచి పైకి, ఒకే ఊపున.